ద్వితీయ విఘ్నం ఎవరికి? ఆడియోస్లేవ్ రెండో ఆల్బమ్ కథ

2005 వేసవి సెలవులయ్యాక హాస్టల్‌కి తిరిగొచ్చిన వారంలో, పక్క గది సీనియర్ కంప్యూటర్‌లో 'ఔట్ ఆఫ్ ఎగ్జైల్' అన్న ఫోల్డర్ చూశాను. అమెరికన్ రాక్ బ్యాండ్ ఆడియోస్లేవ్ రెండో ఆల్బమ్ అది. పన్నెండు పాటలు. ఎవరిచ్చారో, ఎక్కడి నుంచి దిగాయో తెలీదు. ఫైళ్ళకు పేర్లున్నాయి గానీ నంబర్లు లేవు. అందుకని కంప్యూటర్ వాటిని అక్షర క్రమంలో పేర్చేసింది. 'నంబర్ వన్ జీరో' పాట పేరు ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది కాబట్టి అది అన్నిటికన్నా పైకొచ్చి కూర్చుంది. 'యువర్ టైమ్ హ్యాజ్ కమ్' అట్టడుగుకి జారిపోయింది. మూడేళ్ళపాటు ఆ ఆల్బమ్‌ని అదే వరసలో విన్నాను. నా లెక్కలో అది చీకట్లో తడుముకుంటూ నడిచినట్టు నిదానంగా మొదలై, చివర్లో తలుపులు బాదినట్టు ముగిసే ఆల్బమ్.

అసలు సీడీ చేతికొచ్చాక తెలిసింది, నేను ముగింపు అనుకున్న పాటతోనే అది మొదలవుతుందని, మొదటిది అనుకున్నది పదకొండోదని. 'ఇదేంటి, ఇంత మెత్తగా ఉంది' అని నేనన్నప్పుడల్లా, సీడీ కొనుక్కుని విన్న స్నేహితుడొకడు 'మెత్తగానా?' అని ఆశ్చర్యపోయేవాడు. ఇద్దరం విన్నది ఒకే ఆల్బమ్. మొదట చెవిన పడ్డ నాలుగు నిమిషాలే వేరు.

ఆడియోస్లేవ్ రెండో ఆల్బమ్ గురించి ఎక్కడ వాదన జరిగినా నాకు ఆ ఫోల్డరే గుర్తొస్తుంది. విడుదలైన వారమే అది అమెరికాలో నంబర్ వన్‌కి వెళ్ళింది. ఆ బ్యాండ్ చేసిన మూడు ఆల్బమ్‌లలో ఆ స్థానం అందుకున్నది అదొక్కటే. అయినా 'ఆడియోస్లేవ్ అంటే ఇదీ' అని దాన్ని చూపించేవాళ్ళు నాకు చాలా తక్కువగా తారసపడ్డారు. కొందరు విమర్శకులు బ్యాండ్ ఇప్పుడు కుదురుకుందని మెచ్చుకున్నారు. కొందరు పదును పోయి మామూలు రాక్ అయిపోయిందని పెదవి విరిచారు. అమ్మకాలు ఒక మాట చెబుతున్నాయి, సమీక్షలు రెండు మాటలు చెబుతున్నాయి, అభిమానుల జ్ఞాపకం ఇంకేదో చెబుతోంది. వీటిలో ఏది నిజమంటే, నా ఉద్దేశంలో అన్నీ నిజమే. ఒక్కోటి ఒక్కో విషయాన్ని కొలుస్తోంది, అంతే.

మల్టీస్టారర్ లెక్కలు

ఆడియోస్లేవ్ ఒక సూపర్‌గ్రూప్. సూపర్‌గ్రూప్ అంటే మన సినిమా భాషలో మల్టీస్టారర్. అప్పటికే వేరే బ్యాండ్లలో పేరు తెచ్చుకున్నవాళ్ళు కలిసి కొత్త బ్యాండ్ కడతారు. ఓపెనింగ్స్‌కి ఢోకా ఉండదు, పేర్లు చూసే జనం వస్తారు. కానీ థియేటర్లో కూర్చున్నాక ఒక్కో అభిమాని తన లెక్క తాను వేసుకుంటాడు. మావాడికి పాటలెన్ని, ఫైట్లెన్ని, చివరి షాట్‌లో ముందు నిలబడ్డదెవరు? సినిమా బాగుందా లేదా అన్నది ఆ లెక్క తేలాకే.

మొదటి ఆల్బమ్ ఈ లెక్కల మధ్యే గడిచిపోతుంది. ఆ గొంతు, ఈ గిటార్ కలిస్తే ఎలా ఉంటుందన్న కుతూహలమే సగం పని చేసిపెడుతుంది. రెండోదానికి ఆ వెసులుబాటు ఉండదు. కలయిక ఎలా ఉంటుందో అందరికీ తెలిసిపోయింది. ఇక మిగిలింది వీళ్ళు నిజంగా ఒక బ్యాండేనా అన్న పరీక్ష. మొదటి సినిమాతో హిట్టు కొట్టిన దర్శకుడికి రెండో సినిమా వస్తోందంటే ద్వితీయ విఘ్నం దాటాలి అంటాం కదా, సూపర్‌గ్రూపుల్లో చాలావాటికి ఆ విఘ్నం దాకా వెళ్ళే యోగం కూడా ఉండదు. ఎరిక్ క్లాప్టన్, స్టీవ్ విన్‌వుడ్ ఉన్న బ్లైండ్ ఫెయిత్ 1969లో ఒకే ఒక్క ఆల్బమ్ చేసి విడిపోయింది. 1982లో ఏషియా అనే ఇంకో సూపర్‌గ్రూప్ మొదటి ఆల్బమ్ అమెరికాలో తొమ్మిది వారాలు నంబర్ వన్‌గా ఉంది. మరుసటేడు వచ్చిన 'ఆల్ఫా' ఆరో స్థానం దగ్గర ఆగింది, ఆ సంవత్సరం తిరక్కుండానే గాయకుడు జాన్ వెటన్ బ్యాండ్ నుంచి బయటికెళ్ళాడు.

ఆడియోస్లేవ్ కథకు మొదలు 2000 అక్టోబరు. లాస్ ఏంజిలిస్ బ్యాండ్ రేజ్ అగెనెస్ట్ ది మెషీన్ నుంచి గాయకుడు జాక్ డి లా రోచా తప్పుకున్నాడు. గిటార్ వాయించే టామ్ మోరెల్లో, బేస్ వాయించే టిమ్ కమర్‌ఫోర్డ్, డ్రమ్స్ మీద కూర్చునే బ్రాడ్ విల్క్ మాత్రం కలిసే ఉండాలనుకున్నారు. కొత్త గాయకుడి కోసం వెతుకుతుంటే, నిర్మాత రిక్ రూబిన్ వాళ్ళకు సౌండ్‌గార్డెన్ పాట 'స్లేవ్స్ అండ్ బుల్డోజర్స్' వినిపించాడు. ఆ పాటలో గొంతు క్రిస్ కార్నెల్‌ది. సియాటిల్ నుంచి వచ్చిన సౌండ్‌గార్డెన్ 1997లోనే విడిపోయింది, కార్నెల్ 1999లో ఒక సోలో ఆల్బమ్ చేసి ఉన్నాడు. 2001లో నలుగురూ ఒక గదిలో చేరి 19 రోజుల్లో 21 పాటలు కట్టారు. ఆ వేగం గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

పాటలు అంత సులువుగా కుదిరాయి గానీ మిగతావి కుదరలేదు. రెండు బ్యాండ్ల మనుషులు కలిస్తే ఇద్దరు మేనేజర్లు, రెండు రికార్డు కంపెనీలు కూడా వెంట వస్తారు. రేజ్ వాళ్ళది ఎపిక్ కంపెనీ, కార్నెల్‌ది ఇంటర్‌స్కోప్. ఆల్బమ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా వేసుకోవాలని చివరికి ఒప్పందమైంది. మేనేజర్ల గొడవ అంత మెత్తగా తేలలేదు. 2002 మార్చిలో, మొదటి ఆల్బమ్ బయటికి రాకముందే, కార్నెల్ బ్యాండ్ వదిలేశాడు. ఒప్పుకున్న ఓజ్‌ఫెస్ట్ పర్యటన రద్దయింది. పాత మేనేజర్లను పక్కనపెట్టి ఉమ్మడిగా కొత్తవాళ్ళను పెట్టుకున్నాక, కొన్ని వారాలకు అతను తిరిగొచ్చాడు. ఆ మధ్యలోనే ఇంకా పూర్తికాని పాటలు ఇంటర్నెట్‌లో లీకయ్యాయి. ఇన్ని గండాలు దాటి 2002 నవంబరులో మొదటి ఆల్బమ్ వచ్చింది.

మొదటి వారం ఓటు దేనికి?

ఇక్కడ అంకెలు కాస్త దగ్గర పెట్టుకుని చూడాలి. మొదటి ఆల్బమ్ అమెరికాలో మొదటి వారం 1,62,000 కాపీలు అమ్ముడై ఏడో స్థానంలో దిగింది. రెండోది, 2005 మే 24న వచ్చిన 'ఔట్ ఆఫ్ ఎగ్జైల్', మొదటి వారంలో 2,63,000 కాపీలతో నేరుగా నంబర్ వన్. మూడోది 'రెవెలేషన్స్', 2006 సెప్టెంబరులో 1,42,000 కాపీలతో రెండో స్థానం.

ఈ వరస చూస్తే రెండో ఆల్బమే పెద్ద హిట్టు అనిపిస్తుంది. కానీ మొత్తం లెక్క చూడండి. మొదటి ఆల్బమ్‌కు 2006 నాటికి అమెరికాలో మూడు రెట్ల ప్లాటినమ్ గుర్తింపు వచ్చింది, అంటే దుకాణాలకు చేరింది 30 లక్షల కాపీలు. నంబర్ వన్‌కి వెళ్ళిన రెండోదానికి వచ్చింది ఒకే ప్లాటినమ్, 10 లక్షలు. ఏడో స్థానంలో మొదలైనది ఏళ్ళ తరబడి అమ్ముడవుతూ పోయింది. మొదటి మెట్టు మీదే మొదలైనది తొందరగా చల్లబడింది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మొదటి వారంలో ఆల్బమ్ కొనేవాడు దాన్ని విని కొనడు. రేడియోలో ఒక పాట విని ఉంటాడు, అంతే. మిగతా పదకొండు పాటలు ఎలా ఉన్నాయో అతనికి తెలీదు. మరి ఎందుకు కొన్నాడు? అంతకుముందు వచ్చిన ఆల్బమ్ మీద నమ్మకంతో. అందుకే ఆ 2,63,000 కాపీలు నా లెక్కలో మొదటి ఆల్బమ్‌కు పడ్డ మార్కులు. 'లైక్ ఎ స్టోన్' అనే ఒక్క పాట రెండున్నరేళ్ళపాటు రేడియోలో, టీవీలో, జనం నోళ్ళలో తిరిగి సంపాదించిపెట్టిన మార్కులు. అదే లెక్కన రెండో ఆల్బమ్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే మూడో ఆల్బమ్ మొదటి వారం చూడాలి. అక్కడ 1,42,000 ఉంది.

దీన్ని మరీ ఖచ్చితమైన కొలతగా చూపించడం లేదు. ఆ సంవత్సరాల్లో సీడీల అమ్మకాలు అందరికీ పడిపోతున్నాయి, రెండు ఆల్బమ్‌ల మధ్య పదహారు నెలల ఎడమే ఉంది. అయినా పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. గన్స్ అండ్ రోజెస్ వాళ్ళు ముగ్గురు, స్టోన్ టెంపుల్ పైలట్స్ గాయకుడు స్కాట్ వైలాండ్ కలిసి కట్టిన వెల్వెట్ రివాల్వర్ 2004లో మొదటి ఆల్బమ్ 'కాంట్రాబాండ్'ను ఆడియోస్లేవ్ రెండోదానికి దాదాపు సమానంగా, 2,56,000 కాపీలతో నంబర్ వన్‌లో దింపింది. 2007లో వాళ్ళ రెండోది 'లిబర్టాడ్' 92,000 దగ్గర, ఐదో స్థానంలో ఆగింది. పేర్లు చూసి వచ్చిన జనం మొదటిసారికే వచ్చారు. ఆడియోస్లేవ్‌కు ఇది తిరగబడింది. వాళ్ళ పేర్లకంటే వాళ్ళ పాటలే ఎక్కువమందిని పోగుచేశాయి. ఆ ఒక్క కారణానికి వాళ్ళు ద్వితీయ విఘ్నం దాటారనే అంటాను, తర్వాత ఎన్ని మాటలు పడ్డా సరే.

పక్కవాద్యం అయిన గిటార్

సరే, ఆల్బమ్‌లో ఏం మారింది? దీనికి ముందు రెండు పాత బ్యాండ్ల సంగీతం ఎలా పనిచేసేదో చూడాలి. 'రేజ్ ప్లస్ సౌండ్‌గార్డెన్' అని కూడిక వేస్తే తప్పు దారి పడతాం.

రేజ్‌లో పాట అంటే ర్యాప్. జాక్ మాటలు విసురుతాడు. అందులో లయ ఎక్కువ, స్వరాల ఎగుడుదిగుళ్ళు తక్కువ. పాటగాడు రాగం పట్టుకోడు కాబట్టి గిటార్‌కు శ్రుతి విషయంలో ఎవరికీ జవాబు చెప్పుకునే పనిలేదు. మోరెల్లో ఆ ఖాళీని పూర్తిగా వాడుకున్నాడు. గిటార్ మీద శబ్దాన్ని పట్టే పికప్‌లు రెండుంటాయి. ఒకదాని వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, రెండోదాన్ని పూర్తిగా పెంచి, మధ్యలో ఉన్న స్విచ్‌ను వేళ్ళతో టకటకా అటూ ఇటూ కొడితే శబ్దం తెగి తెగి వస్తుంది. ఇంకో చేత్తో తీగల్ని రుద్దితే డీజే రికార్డును గీరినట్టే ఉంటుంది. కాలి కింద వ్యామీ పెడల్ నొక్కితే స్వరం ఒక్క ఊపులో స్థాయిలు దాటి పైకి లేస్తుంది. గిటార్‌ను అతను సగం మృదంగంలా, సగం సైరన్‌లా వాయించాడు.

సౌండ్‌గార్డెన్ బలం వేరే చోట ఉంది. వాళ్ళ పాటలు తరచుగా నాలుగు దెబ్బల నడకలో ఉండవు. 'ఔట్‌షైన్డ్', 'స్పూన్‌మ్యాన్' లాంటి వాటిలో ఏడు దెబ్బల నడక వినిపిస్తుంది. మన మిశ్రచాపుకి అలవాటుపడ్డ చెవికి అది వెంటనే పట్టుబడుతుంది, కాలు తాళం వేయబోయి ఒక దెబ్బ ముందే ఆగిపోతుంది. ఆ వంకర నడక మీద కార్నెల్ గొంతు తిన్నగా, ఎత్తుగా సాగిపోవడమే ఆ బ్యాండ్ మజా.

ఇప్పుడు ఈ ఇద్దర్నీ కలపండి. కమర్‌ఫోర్డ్, విల్క్‌లది నాలుగు దెబ్బల మీద గట్టిగా నిలబడే నడక, కాబట్టి సౌండ్‌గార్డెన్ వంకరలు పోయాయి. కార్నెల్ రాగం తీస్తాడు, సాగదీసి పాడతాడు, కాబట్టి మోరెల్లోకి ఉన్న ఖాళీ పోయింది. కచేరీలో గాయకుడు రాగం ఎత్తుకుంటే వయొలిన్ విద్వాంసుడు ఏం చేస్తాడు? వెంట నడుస్తాడు, గాయకుడు ఆగినచోట తన మాట చెబుతాడు. మోరెల్లో చేయాల్సి వచ్చింది అదే. మొదటి ఆల్బమ్‌లో అతను దానికి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. హెలికాప్టర్ దిగుతున్నట్టు మొదలయ్యే 'కొచీస్'లో, అది రేజ్ పాటే అన్నట్టుగా గిటార్ ముందుంటుంది, దాని మీద కార్నెల్ కేకేస్తాడు. 19 రోజుల్లో పుట్టిన పాటల్లో ఆ పెనుగులాట అలాగే మిగిలిపోయింది. అందుకే అవి మొరటుగా ఉన్నా మనసుకు పట్టుకున్నాయి.

రెండో ఆల్బమ్‌లో మోరెల్లో పక్కవాద్యానికి ఒప్పుకున్నాడు. ఇది నా అభిప్రాయం, కానీ 'డజంట్ రిమైండ్ మీ' ఒక్కసారి శ్రద్ధగా వినండి. మొదట గిటార్ ఎంత తక్కువ వాయిస్తుందో గమనించండి. కార్నెల్ దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతాడు. తనకిష్టమైన చిన్నచిన్న పనుల జాబితా చదువుతాడు. జపాన్ వీధుల్లో దారి తప్పేదాకా నడవడం, మేకులు కొట్టడం లాంటివి. అవి ఎందుకిష్టమో చెప్పే దగ్గర బ్యాండ్ మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. ఇష్టమెందుకంటే అవి తనకు దేన్నీ గుర్తుచేయవు కాబట్టి. ఆ ఒక్క కారణంతో జాబితా అంతా తిరగబడుతుంది. హాయిగా ఉందనుకున్న పాట, మనిషి దేన్నుంచో పారిపోతున్న పాటని అప్పుడు తెలుస్తుంది. ఇలాంటి పాటను 2001లో ఈ నలుగురూ కట్టగలిగేవాళ్ళు కాదనుకుంటాను. గాయకుడిని పూర్తిగా నమ్మిన వాద్యబృందానికే ఇది సాధ్యం. ఈ పాటకు గ్రామీ నామినేషన్ కూడా దక్కింది.

నిర్మాత మళ్ళీ రిక్ రూబిన్నే. కానీ మిక్సింగ్‌కి, అంటే విడివిడిగా రికార్డయిన గొంతునూ వాద్యాలనూ తూకం వేసి కలిపే పనికి, బ్రెండన్ ఓబ్రియన్ వచ్చాడు. సౌండ్‌గార్డెన్ ఆల్బమ్ 'సూపర్‌అన్‌నోన్'ను మిక్స్ చేసింది ఇతనే, రేజ్ రెండో, మూడో ఆల్బమ్‌లను నిర్మించిందీ ఇతనే. రెండిళ్ళ వంటా తెలిసినవాడు. ఆల్బమ్ అంతా ఒకే గదిలో వాయించినట్టు వినిపించడానికి అతని చెయ్యి కూడా కారణమై ఉండొచ్చు.

ఇంకో మార్పు కార్నెల్ జీవితంలో జరిగింది. మొదటి ఆల్బమ్ నాటికి అతను మద్యం, మత్తుమందుల వ్యసనంతో పెనుగులాడుతున్నాడు. 'కొచీస్' వీడియో తీసేటప్పటికి చికిత్సా కేంద్రంలో ఉన్నాడు. రెండో ఆల్బమ్ నాటికి అవి మానేశాడు, 2004లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, మరోసారి తండ్రయ్యాడు. ఆల్బమ్ పేరే వనవాసం నుంచి తిరిగి రావడం. ఆ శాంతి పాటల్లో వినబడుతుంది. కొందరికి సరిగ్గా అదే నచ్చలేదు.

ఎవరి బాకీ ఎవరు తీర్చాలి

నచ్చనివాళ్ళందరినీ ఒకే గాటన కట్టకూడదు. సౌండ్‌గార్డెన్ నుంచి వచ్చిన శ్రోత లెక్క గొంతు లెక్క. 1991లో అంత ఎత్తుకెళ్ళి అరిచిన మనిషి ఇప్పుడెందుకు కింది స్థాయిలో నిలబడి పాడుతున్నాడన్నది అతని బాధ. దానికి వయసుకు మించిన కారణం ఏమీ లేదు, అందులో తప్పూ లేదు. రేడియోలో 'బి యువర్‌సెల్ఫ్' విని వచ్చిన శ్రోతకు ఏ బాకీ లేదు. ఆ పాట అమెరికా రాక్ రేడియో చార్టులు రెండింటిలోనూ నంబర్ వన్ అయింది. పాట సందేశం మరీ తేలికగా ఉందని విమర్శకులు అన్నమాట నిజమే. నీలా నువ్వుండు అనడం ఎవరైనా అనగలరు. నేను కూడా చాలాకాలం ఆ పాట దాటేసేవాణ్ణి. వ్యసనం మానేసి బయటపడ్డ మనిషి తనకు తాను చెప్పుకుంటున్న మాటగా విన్నాక దాటడం మానేశాను.

అసలు కోపం రేజ్ అభిమానులది. దాని వెనక ఆల్బమ్ వచ్చిన 2005 మే నెల పరిస్థితి ఉంది. అమెరికా ఇరాక్ యుద్ధం మొదలై రెండేళ్ళు దాటింది, బుష్ రెండోసారి గెలిచి కొన్ని నెలలే అయింది. పదేళ్ళపాటు అధికారం మీద నిప్పులు చెరిగిన బ్యాండ్ మనుషులు ఇప్పుడేమంటారని జనం చెవులు రిక్కించి ఉన్నారు. సరిగ్గా ఒక వారం ముందు, మే 17న, సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ అనే బ్యాండ్ ఆల్బమ్ 'మెజ్మరైజ్' వచ్చింది. దాని నిర్మాణంలోనూ రిక్ రూబిన్ ఉన్నాడు, అదీ నంబర్ వన్‌లోనే దిగింది. ఆ ఆల్బమ్‌లో యుద్ధం మీద కోపం బాహాటంగా మండుతుంది. పైగా ఆ బ్యాండ్ గాయకుడు సెర్జ్ టాంకియన్, మోరెల్లో కలిసి అప్పట్లో సామాజిక న్యాయం కోసం యాక్సిస్ ఆఫ్ జస్టిస్ అనే సంస్థ నడిపేవాళ్ళు. ఒక మంగళవారం ఆ మంటను విని, మరుసటి మంగళవారం 'ఔట్ ఆఫ్ ఎగ్జైల్' పెట్టుకున్నవాడికి అది చల్లగా తగలడంలో ఆశ్చర్యం లేదు.

ఆడియోస్లేవ్‌లో మాటలు రాసేది కార్నెల్. రాజకీయ బ్యాండ్‌కు గొంతు కావడం అతనికి ఇష్టం లేదు, ఆ సంగతి మొదటినుంచీ దాచలేదు. అయినా ఈ ఆల్బమ్‌లో రాజకీయం అసలే లేదనడం సరిగ్గా వినకపోవడమే. మొదటి పాట 'యువర్ టైమ్ హ్యాజ్ కమ్' చిన్న వయసులో పోయినవాళ్ళ గురించి. అందులో రాతి మీద చెక్కిన యాభై వేల పేర్ల ప్రస్తావన వస్తుంది. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకం తెలిసిన ఏ అమెరికన్‌కైనా అది తగులుతుంది. క్రిస్ మిల్క్ తీసిన 'డజంట్ రిమైండ్ మీ' వీడియోలో ఒక పిల్లాడు బాక్సింగ్ నేర్చుకుంటుంటాడు, అతని తండ్రి ఇరాక్ యుద్ధంలో పోయాడు. ఇక్కడ నినాదం ఎక్కడా లేదు, చావు ఖర్చు మాత్రం ఉంది. ఆ తేడా చూడనివ్వకుండా పాత బ్యాండ్ జ్ఞాపకం అడ్డొచ్చింది.

ఇవే రోజుల్లో జరిగిన ఇంకో సంగతి మాత్రం ఎవరూ మెత్తగా ఉందని అనలేనిది. ఆల్బమ్ రావడానికి పద్దెనిమిది రోజుల ముందు, మే 6న, ఆడియోస్లేవ్ క్యూబా రాజధాని హవానాలో ఉచిత కచేరీ చేసింది. వేదిక పేరు హోసే మార్తీ సామ్రాజ్యవాద వ్యతిరేక ప్రాంగణం. సముద్రపు ఒడ్డున, అప్పట్లో అమెరికా దౌత్య కార్యాలయంగా పనిచేసే భవనానికి ఎదురుగా ఉంటుంది. అమెరికా ఆంక్షల వల్ల అక్కడికి వెళ్ళడానికి ఆ దేశ ఆర్థిక శాఖ అనుమతి కావాలి, ఇటు క్యూబా సంగీత సంస్థ కూడా ఒప్పుకోవాలి. రెండూ సాధించారు. పదుల వేలమంది వచ్చారు. 26 పాటలు వాయించారు. క్యూబాలో ఆరుబయట కచేరీ చేసిన మొదటి అమెరికన్ రాక్ బ్యాండ్‌గా ఆ వార్త ప్రపంచమంతా వెళ్ళింది. బీటిల్స్ వినడాన్నే ఒకప్పుడు చిన్నచూపు చూసిన ఆ దేశంలో, 2000 డిసెంబరులో జాన్ లెనన్ విగ్రహాన్ని ఫిడెల్ కాస్ట్రో స్వయంగా ఆవిష్కరించాడు. ఆ మార్పు జరిగి అప్పటికి ఐదేళ్ళు కూడా కాలేదు.

ఆ రాత్రి వాయించిన వాటిలో రేజ్ పాటలూ సౌండ్‌గార్డెన్ పాటలూ ఉన్నాయి. మొదట్లో ఆడియోస్లేవ్ పాత పాటల జోలికి పోయేది కాదు. మా పాటలతోనే మమ్మల్ని చూడండి అన్న పట్టుదల అది. 2005లో దాన్ని సడలించారు. తమకంటూ ఒక ఉనికి వచ్చేసింది, ఇక భయం లేదన్న ధీమా. కానీ దీనికి ఇంకో ముఖం ఉంది. పక్కపక్కనే వాయిస్తే పోలిక తప్పదు. అంతవరకూ శ్రోత మనసులో జరిగే లెక్క ఇప్పుడు వేదిక మీదే, ఒకే రాత్రిలో, వాళ్ళ చేతులమీదుగానే జరిగింది. పాత పాట మొదలవగానే లేచే కేకకూ కొత్త పాటకు పడే చప్పట్లకూ తేడా ఆ హవానా కచేరీని డీవీడీలో చూసేవాడికి తెలిసిపోతుంది.

తర్వాతి కథ గబగబా జరిగిపోయింది. 'రెవెలేషన్స్' 2006 సెప్టెంబరులో వచ్చింది, దానికి పర్యటన కూడా చేయలేదు. 2007 జనవరిలో రేజ్ అగెనెస్ట్ ది మెషీన్ కోచెల్లా సంగీత ఉత్సవం కోసం మళ్ళీ కలుస్తోందని ప్రకటించారు. ఫిబ్రవరి 15న కార్నెల్ ఆడియోస్లేవ్ నుంచి శాశ్వతంగా తప్పుకున్నాడు. సర్దుబాటు కాని వ్యక్తిగత విభేదాలు, సంగీతపరమైన తేడాలు అని కారణం చెప్పాడు. 2010లో సౌండ్‌గార్డెన్ కూడా మళ్ళీ కలిసింది. రెండు పాత ఇళ్ళ తలుపులూ తెరుచుకున్నాక, మధ్యలో కట్టుకున్న ఇల్లు అద్దె ఇంటిలా మిగిలింది. 'ఔట్ ఆఫ్ ఎగ్జైల్' మీద జనం జ్ఞాపకం పలచబడటానికి పాటలకంటే ఇదే పెద్ద కారణమని నాకనిపిస్తుంది. ఒక బ్యాండ్‌గా నిలదొక్కుకున్నామని చెప్పిన ఆల్బమ్ అది, ఆ బ్యాండే రెండేళ్ళలో లేకుండా పోయింది.

పదేళ్ళ తర్వాత నలుగురూ మళ్ళీ ఒక్కసారి వేదిక ఎక్కారు. 2017 జనవరి 20, లాస్ ఏంజిలిస్. అమెరికా అధ్యక్షుడిగా ట్రంప్ ప్రమాణ స్వీకారం చేసిన రోజు, దానికి నిరసనగా మోరెల్లో కొత్త బ్యాండ్ ప్రాఫెట్స్ ఆఫ్ రేజ్ ఏర్పాటు చేసిన కచేరీ అది. రాజకీయ బ్యాండ్‌కు గొంతు కానన్న కార్నెల్ దానికి వచ్చి మూడు పాటలు పాడాడు. 'కొచీస్', 'లైక్ ఎ స్టోన్', 'షో మీ హౌ టు లివ్'. మూడూ మొదటి ఆల్బమ్‌వే. నాలుగు నెలలకు, మే 18న, డెట్రాయిట్‌లో అతను చనిపోయాడు.

ఆ వార్త వచ్చిన రోజు నేను పాత హార్డ్ డిస్క్‌లో ఆ ఫోల్డర్ వెతికి తెరిచాను. ఇప్పటికీ నంబర్లు లేవు. వరస మార్చకుండా, పైనుంచి కిందకి పెట్టాను. 'నంబర్ వన్ జీరో' నిదానంగా మొదలైంది. దాదాపు యాభై నిమిషాల తర్వాత, అట్టడుగున, చిన్న వయసులో పోయినవాళ్ళ పాట వచ్చింది.